క్రోమోసోములను కదిలించు ఫాస్ఫేటు

దమ్మపేటనుండి అశ్వారావుపేటకు పోవు త్రోవలో నేడు ఇరుప్రక్కల కనబడునవి చాలవరకు పామాయిలు తోటలే. పశ్చిమ ఆఫ్రికాలో పుట్టిన చెట్టు ఈ అడవి యంచున చక్కగా పాతుకొన్నది. గెలలనుండి నూనె తీయు కర్మాగారములు అశ్వారావుపేటయందును, దమ్మపేట మండలములోని అప్పారావుపేటయందును వెలసినవి. ఆ తోటలలో ఒక రైతుతో మాటలాడుచు మేము కొమ్ము పురుగు సంగతి యెత్తితిమి. "ఆకు కొరికితే కొరకనియ్యండి, మళ్ళీ వస్తది. మొవ్వు తొలిచిందంటే మాత్రం చెట్టు పోయినట్టేనండి" అని ఆయన సమాధానమిచ్చెను.

ఆ మాటలో జీవశాస్త్రము చాల కలదు. మామిడికి, వేపకు వలె పామాయిలు చెట్టుకు కొమ్మలు లేవు. ఒక కొమ్మ విరిగిన మరియొక కొమ్మ పెరుగునన్న ఆశ దానికి లేదు. నేలపైనున్న మానంతయు, ప్రతి మట్టయు, ప్రతి గెలయు శిఖరమున దాగియున్న ఆ ఒక్క మొవ్వునుండియే పుట్టవలెను. ఆ మొవ్వులో జరుగునది ఒకే పని: ఒక కణము రెండగుట, రెండు నాలుగగుట. పామాయిలు కణములో 32 క్రోమోసోములు కలవు. కణము చీలిన ప్రతి పర్యాయము ఆ ముప్పదిరెండింటికి ఒక్కొక్క ప్రతి తయారై, ఈ పిల్లకణమునకు 32, ఆ పిల్లకణమునకు 32 చొప్పున చేరవలెను. ఒకటి ఎక్కువైనను తప్పే, ఒకటి తక్కువైనను తప్పే.

మన దేహములో ఈ లెక్క 46. మానవ కణమొక్కదానిలోని డి.ఎన్.ఏ. పోగునంతటిని సాగదీసి కొలిచినచో సుమారు రెండు మీటర్లుండును. అది నిలిచియున్న కేంద్రకమో మిల్లీమీటరులో నూరవ వంతు కంటె పెద్దది కాదు. ఇంత పొడవుగల దారమును ఇంత ఇరుకు చోటులో చిక్కుపడకుండ రెండు సమభాగములుగ పంచిపెట్టుట ఎట్లు? ఆ పంపకము నడుచుచుండగా ఎవరు ఎవరికి ఆజ్ఞలిచ్చుచున్నారు? ఈ ప్రశ్నకు గడచిన యాభై అరువది సంవత్సరములలో దొరికిన సమాధానమును, అందులో తెలుగువారి చేయి పడిన చోట్లను మా పాఠకులకు తెలియజెప్పుట ఈ ప్రసంగము ఉద్దేశము.

ముందుగా కంటికి కనబడునది చెప్పుదుము. ఉల్లివేరు కొనను రంగువేసి సూక్ష్మదర్శినిక్రింద చూచినవారికి ఈ దృశ్యము పరిచయమే. విభజనకు పూనుకొన్న కణములో మొదట పీచువలె చెదరియున్న పదార్థము చుట్టుకొని, ముడుచుకొని, పొట్టి పుల్లల రూపము ధరించును. అవియే క్రోమోసోములు. ప్రతిదియు జంట పుల్ల. రెండు సరిసమాన భాగములు నడుమ ఒక నొక్కుకడ అతుకుకొని యుండును. పిమ్మట కేంద్రకపు పొర మాయమగును. కణమున రెండు కొనలనుండి సన్నని పోగులు బయలుదేరి నేతగాని కండెవంటి ఆకారము నేర్పరచును. మన పాఠ్యగ్రంథములు దానిని కండె యనియే పిలుచుట సముచితముగ నున్నది. ఆ పోగులు వచ్చి క్రోమోసోముల నొక్కులను పట్టుకొనును. పుల్లలన్నియు కొంతసేపు అటునిటు ఊగిసలాడి తుదకు కణము నడిమిన ఒక వరుసలో నిలుచును. ఇది మధ్యస్థదశ. కొంత విరామము. అంతట ఒక్కసారిగ జంటలన్నియు విడిపోయి చెరియొక ప్రక్కకు పయనమగును. ఇది చలనదశ. ఆ పయనపు వేగము నిమిషమునకు మిల్లీమీటరులో వెయ్యవ వంతో, రెండు వంతులో మాత్రమే. మన కణములలో ఈ తతంగమంతయు సుమారొక గంటలో ముగియును.

క్రోమోసోమునకు కన్ను లేదు, చెవి లేదు. తన్ను పట్టిన పోగు సరియైనదో కాదో దానికెట్లు తెలియును? తోటివారందరు వరుసలో నిలిచిరో లేదో ఎట్లు తెలియును? ఆ ఆజ్ఞలన్నియు ఒక చిన్న రసాయన గుర్తుతో నడచుచున్నవని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఆ గుర్తు ఫాస్ఫేటు. పొలములో ఎరువుగా చల్లు ఫాస్ఫేటుకును దీనికిని మూలము ఒక్కటే. ఒక భాస్వరపు పరమాణువు, దానిని చుట్టిన ప్రాణవాయువు పరమాణువులు.

కణమున ఫాస్ఫేటు కథలో మొదటి పుటలలోనే మన తెలుగువాని పేరు కనబడును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డు విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్కేతో కూడి, రక్తములోను కండరములోను భాస్వర మెంత యున్నదో నీలిరంగు చిక్కదనమును బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. తక్కెడకు అందనంత కొద్ది భాస్వరము కూడ ఆ రంగులో తేలును. ఆ కొలబద్ద చేతికి వచ్చిన తరువాత 1927లో కండరములోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి. యను పదార్థమును వారు బయటపెట్టిరి. ఏ.టి.పి.ని అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగ కనుగొనెను. ఏ.టి.పి. తోకకు మూడు ఫాస్ఫేటులు వరుసగా తగిలించియుండును. తుదిదానిని విడిచినపుడు శక్తి వెలువడును. కండరము ముడుచుకొనుటకు ఆ శక్తియే ఆధారము. అదే తుది ఫాస్ఫేటు క్రోమోసోములకు ఆజ్ఞాపత్రముగ కూడ పనిచేయునని ఆనాడు ఎవరును ఊహింపలేదు.

ఆ రెండవ ఉపయోగమును 1950 దశకమున అమెరికాలో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ అను శాస్త్రజ్ఞులు వెలువరించిరి. కండరములో నిద్రించుచున్న ఒక మాంసకృత్తు ఏ.టి.పి.నుండి ఒక ఫాస్ఫేటు సంక్రమించినంతనే మేలుకొని పనిచేయుటను వారు చూచిరి. ఫాస్ఫేటును తగిలించు ఎంజైమునకు కైనేజు అని పేరు. ఊడదీయు ఎంజైమునకు ఫాస్ఫటేజు అని పేరు. ఈ పనికి వారిరువురికి నోబెలు బహుమానము 1992లో గాని రాలేదు. మానవ కణములలో ఐదువందలకు పైబడిన కైనేజులు కలవని ఇప్పుడు లెక్క తేలినది.

ఇంత చిన్న గుర్తు ఇంత పెద్ద మాంసకృత్తును ఎట్లు మార్చగలదని సందేహము కలుగవచ్చును. ఫాస్ఫేటుకు ఋణవిద్యుదావేశము బలముగ నుండును. మాంసకృత్తు అనునది పొడవైన దండ. ధనావేశముగల పూసలు, ఋణావేశముగల పూసలు పరస్పరము ఆకర్షించుకొనుచు, తరుముకొనుచు దానికొక ఆకారమిచ్చుచున్నవి. అందులో ఒకచోట క్రొత్తగా ఋణావేశము వచ్చి పడిన ఆ ప్రాంతపు ముడతలు మారును. లోగడ అతుకుకొన్నది విడివడును, విడివడినది అతుకుకొనును. ఊడదీసిన మరల మొదటి రూపము. అన్నిటికంటె ముఖ్యమేమన, ఇది క్షణములలో జరుగును. క్రొత్త మాంసకృత్తును తయారుచేయ నక్కరలేదు, పాతదానిని నాశనము చేయ నక్కరలేదు.

ఇక కణవిభజన. 1970లో అమెరికాలోని డెన్వరు నగరమున పోటు ఎన్. రావు, రాబర్ట్ జాన్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక విచిత్రమైన పరీక్ష జరిపిరి. రావుగారి ఇంటిపేరు మన కృష్ణా, గుంటూరు సీమలవారికి క్రొత్తది కాదు. హెన్రియెట్టా లాక్స్ అను నీగ్రో జాతి స్త్రీ వ్యాధిగడ్డనుండి 1951లో తీసి, నాటినుండి పరిశోధనశాలలలో పెంచుచున్న హీలా కణములను వారు వాడిరి. ఒక వైరసును అతినీలలోహిత కిరణములతో చంపి, దాని సాయముతో రెండు కణములను ఒకటిగ కలిపివేయ వచ్చును. విభజనలోనున్న కణమును, విభజన ఊసే తలపెట్టని మరియొక కణమును వారు అట్లు కలిపిరి. జరిగినదేమి? నిదానముగ నున్న రెండవ కణపు కేంద్రకము తన పొర చించుకొని, తన పీచును హడావుడిగ పుల్లలుగ చుట్టుకొన నారంభించెను. దాని డి.ఎన్.ఏ. ఇంకను ప్రతి తీయబడని స్థితిలో నున్నచో ఒంటి పుల్లలు, ప్రతి పూర్తియైనచో జంట పుల్లలు, ప్రతి తీయుచుండగా పట్టుబడినచో తునాతునకలైనట్లు కనబడు ముక్కలు వచ్చినవి.

అనగా విభజనలోనున్న కణపు రసములోనే ఒక ఆజ్ఞ తిరుగుచున్నదన్నమాట. అది ఎవరి కేంద్రకమన్న విచారణ దానికి లేదు. ఎదురుపడిన కేంద్రకము నెల్ల విభజనకు లాగుకొని పోవును. మా దృష్టిలో ఈ శాస్త్రమున ఇంత తేటగ, ఇంత ధైర్యముగ ప్రశ్న అడిగిన పరీక్షలు కొన్నియే. 1979లో రావుగారు హ్యూస్టనులో సుంకర, రైట్ అను సహచరులతో కలిసి, విభజనలోనున్న మానవకణపు రసమును కప్ప అండములో సూదితో ఎక్కించి, ఆ ఆజ్ఞను కప్పకూడ శిరసావహించునని చూపిరి. పిమ్మట 1983లో ఫ్రాన్సిస్ డేవిస్, రావు మున్నగువారు ఎలుకలలో ప్రతిరక్షకములను తయారుచేసిరి. వానిలో ఎం.పి.ఎం.-2 అనునది విభజనలోనున్న కణములనే పట్టుకొని వెలుగును, మిగిలినవానిని వదలివేయును. అది గుర్తించునది ఏమా యని పరిశీలింపగా, ఫాస్ఫేటు తగిలించిన మాంసకృత్తులని తేలెను. ఫాస్ఫటేజుతో ఆ ఫాస్ఫేటును కడిగివేసిన ప్రతిరక్షకమునకు పట్టు దొరకలేదు. మరుసటి యేడు చేసిన పరిశోధనలో ఆ ఫాస్ఫేటు మాంసకృత్తులు కండె పోగులు మొలకెత్తు స్థానములలోనే గుమిగూడి యున్నవని వెల్లడియయ్యెను. ఫాస్ఫేటుకును క్రోమోసోముల కదలికకును గల చుట్టరికము ఆ విధముగ కంటికి కనబడెను.

ఆ ఆజ్ఞ నిచ్చు యజమాని యెవరు? ఈ భాగమును క్లుప్తముగ చెప్పి ముందుకు పోదుము. 1971లో మసుయి, మార్కర్ట్ కప్ప అండములలో అట్టి శక్తియున్నదనిరి. పాల్ నర్స్ ఈస్టులో సి.డి.సి.-2 యను జన్యువును పట్టుకొనెను. టిమ్ హంట్ 1982లో సముద్రపు జీవియగు అర్చిన్ గ్రుడ్లలో, ప్రతి విభజనకు పెరిగి విభజన పిమ్మట మాయమగు సైక్లిన్ అను మాంసకృత్తును చూచెను. ఈ రెండును కూడిన కైనేజే ఆ యజమాని. దానికి నేడు సి.డి.కె.-1 అని పేరు. ఈస్టులో చెడిపోయిన జన్యువు స్థానమున మానవుని జన్యువును పెట్టినను పని జరిగినదని 1987లో తెలిసినది. మొక్కలలో కూడ ఇదే కుటుంబపు కైనేజులు కలవు. దమ్మపేట తోటలోని మొవ్వు ఇందుకు మినహాయింపు కాదు.

సి.డి.కె.-1 మేలుకొనగనే పలుచోట్ల ఫాస్ఫేటు పడును. కేంద్రకపు పొరకు లోపలి ఆధారముగ నున్న అల్లికపై పడిన ఆ అల్లిక విడిపోయి పొర చెదరును. డి.ఎన్.ఏ.ను చుట్టబెట్టు మాంసకృత్తులపై పడిన పీచు పుల్ల యగును. తమాషా యేమన, ఈ యజమానికి కళ్ళెము కూడ ఫాస్ఫేటే. వేరొక కైనేజు సి.డి.కె.-1పై ఫాస్ఫేటు పెట్టి దానిని అణచియుంచును. సమయము వచ్చినపుడు దానిని ఒక ఫాస్ఫటేజు ఊడదీయును. కనుక ఫాస్ఫేటు అన్నచో 'నడువు' అనియే అర్థము కాదు. ఎక్కడ పడినదను దానిని బట్టి నడువు మనియు, ఆగు మనియు చెప్పును.

ఇప్పుడు అసలు కదలికకు వచ్చితిమి. మజ్జిగ చిలుకు కవ్వమును తలచుకొనుడు. త్రాటిని రెండు చేతులతో చెరియొక ప్రక్కకు లాగుచున్నంతవరకు త్రాడు బిగువుగ నుండును. ఒక కొన వదలిన వెంటనే సడలును. జంట క్రోమోసోములో ఒక సగమును ఉత్తరపు కొన పోగులు, రెండవ సగమును దక్షిణపు కొన పోగులు పట్టినపుడే నడుమ బిగువు కలుగును. రెండు సగములను ఒకే కొన పోగులు పట్టినచో బిగువు లేదు. అట్లే విడిచిన రెండు ప్రతులును ఒకే పిల్లకణమునకు పోయి, రెండవది దివాలా తీయును.

పోగును పట్టు స్థానమునకు కైనెటోకోర్ అని పేరు. దాని చేతులవంటి మాంసకృత్తుల కొనలలో ధనావేశము, పోగు పైభాగమున ఋణావేశము. అందువలన అవి పట్టుకొనుచున్నవి. జంట నడిమి నొక్కుకడ అరోరా-బి అను కైనేజు కాపున్నది. బిగువు లేనంతకాలము అది ఆ చేతులపై ఫాస్ఫేటు పెట్టుచునే యుండును. ఫాస్ఫేటు ఋణావేశము కదా. చేతి ధనావేశము తగ్గి పట్టు సడలును, పోగు జారిపోవును, మరియొక పోగు వచ్చి పట్టుటకు అవకాశము కలుగును. సరియైన పట్టు దొరికి బిగువు వచ్చినపుడు చేతులు కాపరికి దూరముగ లాగబడును. ఫాస్ఫటేజు వచ్చి మిగిలిన ఫాస్ఫేటును ఊడదీయును, పట్టు స్థిరపడును. తప్పును వెదకి దిద్దుట కాదిది. తప్పుపట్టు నిలువకుండ చేయుట, ఒప్పుపట్టు నిలుచునట్లు చేయుట, అంతే.

బిగువే ప్రధానమని చూపినవాడు అమెరికాలోని బ్రూస్ నిక్లాస్. ఆయన మిడత కణములలోనికి అతి సన్నని గాజుసూదిని పంపి, ఒక్కొక్క క్రోమోసోమును పట్టి లాగగల నేర్పరి. తప్పుగ పట్టుబడిన క్రోమోసోమును సూదితో లాగి కృత్రిమముగ బిగువు కల్పింపగా దాని తప్పుపట్టు కూడ నిలిచిపోయెను. 1995లో ఆయనయు, సహచరులును మరియొక మెట్టు ముందుకు పోయిరి. బిగువు లేని కైనెటోకోరుమీద ఫాస్ఫేటు గుర్తు ప్రకాశించుచుండెను. సూదితో లాగినంత ఆ ప్రకాశము తగ్గెను. చేతి లాగుడును రసాయన గుర్తును ఒకే తక్కెడలో తూచిన పరీక్ష యిది. అదే సంవత్సరము గొల్లభామ పురుగు కణములలో జత దొరకక వ్రేలాడుచున్న ఒక్క క్రోమోసోమువలన విభజన గంటల తరబడి నిలిచిపోవుటను, ఆ క్రోమోసోమును సూదితో లాగిన సుమారొక గంటలో విభజన సాగిపోవుటను వారు చూపిరి.

ఒక్క క్రోమోసోము కొరకు తక్కినవన్నియు వేచియుండునా? వేచియుండును. మా ప్రసారశాల ద్వారముపై ఎఱ్ఱదీపము కలదు. లోపల ప్రసారము జరుగుచున్నంతసేపు అది వెలుగుచుండును, ఎంతటివారైనను వెలుపల నిలువవలసినదే. పోగు దొరకని ప్రతి కైనెటోకోరును అట్టి యొక దీపము. అక్కడ కైనేజులు కొన్ని మాంసకృత్తులపై ఫాస్ఫేటు పెట్టి, 'ఇంకను వేరుచేయరాదు' అను సంకేతమును కణమంతట వ్యాపింపజేయును. తొంబది యొక్క దీపములారినను ఒక్కటి వెలుగుచున్న చాలును.

ఈ యేజెన్సీ అడవులలో వానకాలమున నిప్పుకణికవంటి పూవు పూయు తీగ కలదు. అడవినాభి యందురు, అగ్నిశిఖ యనియు పేరు. దాని దుంపలోను గింజలోను కోల్చిసిన్ అను విషమున్నది. అది కండె పోగులు కూడకుండ చేయును. పోగులే లేనపుడు దీపములన్నియు వెలుగుచునే యుండును. క్రోమోసోములు పుల్లలుగ ముడుచుకొని కదలలేక నిలిచిపోవును. మానవుని క్రోమోసోములు 46 అని 1956లో త్జియో, లెవాన్ తేల్చుటకు ఈ కోల్చిసినే తోడ్పడెను. అంతకుముందు 48 అని లోకమంతయు నమ్మియుండెను. ఆ దుంప ప్రాణాంతకమైనదని, నాటువైద్యమునకు దానిని తాకరాదని ఇక్కడనే చెప్పుట మా విధి.

దీపములన్నియు ఆరిన పిమ్మట జరుగునది బహు వేగము. జంటలను కట్టియుంచిన మాంసకృత్తు కట్టును సెపరేజ్ అను కత్తెర తెంపును. సైక్లిను నాశనమై సి.డి.కె.-1 చల్లబడును. ఫాస్ఫటేజులు విజృంభించి పెట్టిన ఫాస్ఫేటునంతయు ఏరివేయ నారంభించును. కండె పోగులు క్రోమోసోము పట్టినచోటనే కరిగి కురచయగుచుండ, క్రోమోసోములు ఆ కరగు కొనలను పట్టుకొని కొనలవైపు సాగును. ఇక్కడ ఒక చిక్కు గమనింపదగినది. జంట తెగినంతనే బిగువు పోవును కదా. అరోరా-బి యథాస్థానమున నుండినచో దానిని తప్పుగ భావించి పట్టులన్నియు సడలించివేయును. పయనము దారిలో చెడును. అందువలన అదే క్షణమున అరోరా-బి తోడి మాంసకృత్తునుండి ఫాస్ఫేటు ఊడిపోవును. కాపరి క్రోమోసోములను విడిచి కండె నడుమకు తరలిపోయి, కణమును రెండుగ చీల్చు పనిలో చేరును.

ఈ ఏర్పాటు తప్పినచో ఫలితములు మన ఇండ్లలోనివే. అండము తయారగు విభజనలో 21వ క్రోమోసోము విడిపోనిచో బిడ్డ 47 క్రోమోసోములతో పుట్టును. డౌన్ లక్షణముగల పిల్లలలో ఇట్లు జరుగునని 1959లో లెజ్యూన్ ప్రకటించెను. తల్లి వయస్సు ముదిరినకొలది ఈ తప్పు పెరుగును. ఇందులో తల్లి చేసిన అపరాధమేమియు లేదు, ఆ మాట ఇరుగుపొరుగువారు తెలిసికొనవలెను. క్యాన్సరు కణములలోనైతే క్రోమోసోముల లెక్క తప్పియుండుట సర్వసాధారణము.

మరియు ఈ యెఱ్ఱదీపమునే వైద్యులు ఆయుధముగ వాడుచున్నారు. మన పెరటిలో ఎవరును నీరు పోయకున్నను పూయు బిళ్ళగన్నేరులో విన్‌క్రిస్టిన్ అను పదార్థము కలదు. 1960 దశకమునుండి పిల్లల రక్తపు క్యాన్సరులో అది ముఖ్యమైన మందు. అదియు కండె పోగులను కూడనీయదు, దీపములారవు, విభజించుచున్న కణము ఎదురుచూచి, చూచి మరణించును. అదే వ్యాధికి 1947లో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ మొదట వాడిన అమినోప్టెరిన్ మందు సుబ్బారావుగారి లెడర్లీ పరిశోధకబృందమునుండి వచ్చినదే. అది విభజనకు ముందే డి.ఎన్.ఏ. తయారీని అడ్డగించును. అరోరా కైనేజులనే అడ్డగించు మందులను కూడ పరీక్షించిరి గాని, ఎముకల మూలుగకు కలుగు హాని వానికి ప్రతిబంధకమగుచున్నది.

మందు క్యాన్సరు కణమును, మంచి కణమును వేరుచేసి చూడలేదు. విభజించుచున్నదా లేదా యన్నదే దానికి తెలిసినది. వెండ్రుకల కుదుళ్ళలోని కణములు మొవ్వులోని కణములవలె ఎడతెగక విభజించునవి. చికిత్సలోనున్న బిడ్డ జుట్టు దిండుపై రాలుట చూచి తల్లి బెంగపడుట మేమెరుగుదుము. కుదురు మాత్రము మొవ్వువలె ఒక్కసారి పోయిన పోవునది కాదు. మందు ఆపిన కొన్ని వారములకు అక్కడి కణములు మరల విభజింప నారంభించును; సాధారణముగ కొన్ని నెలలలో జుట్టు తిరిగి వచ్చును.